నిబ్బరమును నిర్లక్ష్యమును

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 18:12-17



ఈ నెల ధ్యానమునకు మేము ఎన్నుకొనిన భాగము చిన్నది. ఆరు వచనములే. ఆదివారపు ప్రసంగమునకు దీనిని తీసికొనువారు అరుదు. దీనిలో అద్భుతము లేదు, మారుమనస్సు పొందినవారి లెక్క లేదు, పౌలు ప్రసంగము కూడ లేదు. ఉన్నది ఒక వ్యాజ్యెము, ఒక అధికారి, తుదకు ఒక మనుష్యునికి తగిలిన దెబ్బలు. అయినను పెద్దరికము చేయువారందరు, అనగా సంఘ పెద్దలు, పంచాయతీ సభ్యులు, బడి పంతుళ్లు, స్త్రీల సమాజపు నాయకురాండ్రు, ఇంటి యజమానులు, ఈ భాగము దగ్గర కొంతసేపు ఆగవలసియున్నదని మా మనవి.

సంగతి యిది. పౌలు కొరింథు పట్టణములో ఏడాదిన్నర కాలము వాక్యము బోధించుచుండగా, యూదులు ఏకమై ఆయనను పట్టుకొని న్యాయపీఠము నొద్దకు తెచ్చిరి. అప్పుడు అకయకు అధిపతి గల్లియోను. ధర్మశాస్త్రమునకు విరోధమైన ఆరాధన నేర్పుచున్నాడని వారి ఫిర్యాదు. పౌలు జవాబు చెప్పబోవుచుండగనే గల్లియోను కలుగజేసికొనెను. అన్యాయమో నేరమో అయినయెడల వినవచ్చును గాని, మాటలను గూర్చియు పేళ్లను గూర్చియు మీ మతములోని వాదములకు నేను తీర్పరిని కానని చెప్పి వారిని పంపివేసెను. అంతట జనులు సమాజమందిరపు అధికారియైన సొస్తెనేసును పట్టుకొని ఆ న్యాయపీఠము ఎదుటనే కొట్టిరి. ఆ దెబ్బలలో ఒక్కటియు గల్లియోనుకు పట్టలేదు. ఇంతే కథ.

ఈ గల్లియోను ఎవరు? గ్రీసు దేశములోని దెల్ఫీలో దొరికిన ఒక శిలాశాసనపు తునకలలో క్లౌదియ చక్రవర్తి ఇతని పేరు చెప్పియున్నాడు. దానినిబట్టి ఇతడు క్రీ.శ. 51-52 ప్రాంతమున అకయలో ఉండెనని పండితులు లెక్క కట్టిరి. అంతకంటె మనకు ముఖ్యమైన సంగతి, ఇతడు సెనెకా అను గొప్ప జ్ఞానికి స్వయాన అన్నగారు. సెనెకా నీరో చక్రవర్తికి బాల్యమున గురువు. ఆయన కోపమును గూర్చి మూడు భాగముల గ్రంథము వ్రాసి, దానిని ఈ అన్నగారి పేరనే అంకితము చేసెను. కోపము ఎట్లు పుట్టును, దానిని ఎట్లు అణచవలెను, అధికారి ఆవేశపడక ఎట్లు తీర్పు తీర్చవలెను అను సంగతులు అందులో కలవు. అట్టి గ్రంథము ఎవరి కొరకు వ్రాయబడెనో ఆ మనిషే నేడు మన యెదుట న్యాయపీఠముపై కూర్చున్నాడు.

సెనెకా స్తోయికుల మతమువాడు. ఈ పేరు మనకు క్రొత్త కాదు. పౌలు ఏథెన్సు వీధులలో ఎదుర్కొనిన ఎపికూరీయులను, స్తోయికులను గూర్చి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో చదువుచున్నాము. క్రీస్తునకు సుమారు 300 ఏండ్ల ముందు కుప్ర ద్వీపమునుండి వచ్చిన జేనో అను వర్తకుని కుమారుడు ఏథెన్సులో బొమ్మలు వ్రాసిన ఒక మంటపములో కూర్చుండి బోధించెను. ఆ మంటపమును గ్రీకులు స్తోవా అందురు. అందుచేత వారికి స్తోయికులని పేరు వచ్చెను. మన పల్లెలలో అరుగు మీద కూర్చుండి మంచి చెడ్డ మాట్లాడుకొనువారి వంటివారే అనుకొనుడి. అయితే వారి అరుగు మీది మాటలు అయిదారు వందల యేండ్లు రోమా సామ్రాజ్యమంతట నిలిచినవి.

విశ్వాసులకు అన్యుల జ్ఞానముతో పనియేమి అని కొందరడుగుదురు. పౌలు అట్లనుకొనలేదు. ఆయన పుట్టిన తార్సు పట్టణము స్తోయిక పండితులకు పేరుపడినది. మనము దేవుని సంతానమను మాటను ఏథెన్సువారికి చెప్పునప్పుడు ఆయన వారి కవులను సాక్షులుగా పిలిచెను. అట్టి మాట వ్రాసిన కవులలో అరాతు అనువాడు జేనో పాదముల యొద్ద నేర్చుకొనినవాడు. మంచి మాట ఎక్కడ దొరికినను దాని యజమానుడు మన దేవుడే. అయితే నాణెము తీసికొనునప్పుడు మ్రోగించి చూచుట మంచిది. ఈ నాణెమును కూడ అట్లే మ్రోగించి చూతము.

మొదట దానిలోని మంచిని చూతము. స్తోయికులలో ఎపిక్తేతు అను బానిస కలడు. ఇతడు హియెరాపొలిలో పుట్టెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 13వ వచనములో ఆ ఊరి పేరున్నది. రోములో బానిసగా పెరిగి, విడుదల పొంది, దొమిషియను చక్రవర్తి తత్త్వజ్ఞానులను వెళ్లగొట్టినప్పుడు నికొపొలి చేరి అక్కడ బడి పెట్టెను. పౌలు చలికాలము గడుపదలచినదిగా తీతు పత్రిక 3:12లో చెప్పబడిన నికొపొలి ఇదియేనని చాలమంది తలంతురు. ఎపిక్తేతు కుంటివాడు. తానేమియు వ్రాయలేదు. శిష్యుడైన ఆరియను అతని బోధలను వ్రాసిపెట్టెను. వాటి సారము ఇది: కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని మన చేతిలో లేవు. మన తలంపు, మన కోరిక, మన క్రియ మన చేతిలోనివి. శరీరము, ఆస్తి, పేరు, పదవి మన చేతిలోనివి కావు. మొదటివాటిని చక్కబెట్టుకొనుము, రెండవవాటి కొరకు ఏడువకుము.

కోనసీమలో పుట్టినవానికి ఈ పాఠము చెప్పుటకు గ్రీకు పండితుడు రానక్కరలేదు. మూడు వైపుల ఏరు, నాలుగవ వైపు సముద్రము. మన తలపై వాన, మన క్రింద వరద. ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది అని మన పిల్లలు కూడ చెప్పగలరు. 1986 ఆగష్టులో సుమారు 35 లక్షలు వచ్చెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. 1996 నవంబరు 6వ తేది రాత్రి వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయిరి, లక్షలాది కొబ్బరిచెట్లు కూలినవి. కొబ్బరి ధర మన చేతిలో లేదు. ధాన్యము ధర మన చేతిలో లేదు. మొక్క నాటి, ఏండ్ల తరబడి నీరుపోసి, కాపు వచ్చునప్పటికి ఒక్క రాత్రి గాలికి అప్పగించినవారు మన తండ్రులు.

కావున చేతిలో లేనిదానిని గూర్చి గుండె కొట్టుకొనుట మానుమను మాట మనకు మేలైన మందు. చేతిలో ఉన్నదానిని చేయుమను మాట అంతకంటె మేలు. వరద ఆపలేము. హెచ్చరిక వినగానే లంకలోని ముసలివారిని, గొడ్లను ఏటిగట్టు ఎక్కించుట చేయగలము. కాయ ధర పెంచలేము. పెండ్లికి నూటికి అయిదేసి వడ్డీకి అప్పు తేకుండ ఉండగలము. పొరుగువాని నోరు మూయించలేము. మన నోరు మూసికొనగలము. ఇట్లు వేరుచేసికొనుట నేర్చుకొనిన యింట సగము జగడములు పోవును. పౌలు కూడ ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు, కలిమిలోను లేమిలోను తృప్తిగా ఉండుట తాను నేర్చుకొంటినని చెప్పెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట స్తోయికులు మిక్కిలిగా వాడిన మాటయే. అయితే వారు ఆ తృప్తిని తమ బలమునుండి తెచ్చుకొనిరి. పౌలు తనను బలపరచువాని యొద్దనుండి తెచ్చుకొనెను.

పెద్దరికము చేయువారికి ఈ నిబ్బరము మరి అవసరము. కుర్చీ మీద కూర్చున్నవానికి పొగడ్తయు తప్పదు, తిట్టును తప్పదు. రెంటికిని కదలనివాడే తీర్పు చెప్పగలడు. మన సీమవారిలోనే ఒకరిని చెప్పుదుము. యెదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగిగారు 1998 మార్చిలో లోక్‌సభ సభాపతి అయిరి. దళితులలో ఆ పీఠమెక్కిన మొదటివాడాయన. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయిగారి ప్రభుత్వముపై విశ్వాస తీర్మానము వచ్చెను. ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండియు లోక్‌సభ సభ్యత్వము వదలని గిరిధర్ గమాంగ్ గారు ఓటు వేయవచ్చునా అని సభలో ప్రశ్న లేచెను. బాలయోగిగారు దానిని ఆ సభ్యుని మనస్సాక్షికే విడిచిపెట్టిరి. ప్రభుత్వము 269కి 270గా ఒక్క ఓటుతో పడిపోయెను. ఓడిపోయినది తన సొంత పార్టీ మద్దతిచ్చిన పక్షమే. ఆ నిర్ణయము మేలైనదా కాదా అని వాదించువారు ఇంకను ఉన్నారు. ఆ వాదము మనకు పని లేదు. తన పక్షమునకు నష్టము రావచ్చునని తెలిసియు కూర్చున్న పీఠమునకు తగినట్లు నడిచిరే, అది నేర్చుకొనవలసినది. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టరు కూలి ఆయన కన్నుమూసిరి. యానాము, యెదుర్లంకల నడుమ గౌతమి మీది వంతెన ఆయన పేరు మోయుచున్నది.

సంఘ పెద్దలారా, ఇంతవరకు స్తోయికుల అరుగు మీద కూర్చుండుటకు మాకు అభ్యంతరము లేదు. సంఘ సమావేశములో మీ మాట చెల్లకపోయిన దినమున, కానుకల లెక్క మీద ఎవడో మిమ్మును అన్యాయముగా అనుమానించిన దినమున, మీ పేరు శిలాఫలకము మీద వ్రాయక విడిచిన దినమున, ఈ పాఠము గుర్తు తెచ్చుకొనుడి. పేరు మీ చేతిలో లేదు. నమ్మకత్వము మీ చేతిలో ఉన్నది.

ఇప్పుడు గల్లియోను యొద్దకు తిరిగి వత్తము. మొదటి సగములో ఆయన చేసినది తప్పు కాదు. మతవాదములలో తలదూర్చక పోవుట న్యాయమే. ఆయన కేకలకు బెదరలేదు, ఆవేశపడలేదు. ఆ నిబ్బరము వలన పౌలుకు మేలు కలిగి, సువార్త కొరింథులో ఇంకను సాగెను. తమ్ముడు వ్రాసిన గ్రంథమును అన్నగారు చక్కగా ఒంటబట్టించుకొనెను అనవచ్చును.

అయితే సొస్తెనేసు మీద మొదటి దెబ్బ పడగానే సంగతి మారినది. ఇప్పుడు అది మాటల వాదము కాదు, పేళ్ల వాదము కాదు. ఒక మనిషిని పదిమంది కొట్టుచున్నారు. అన్యాయమైతే విందునని ఒక్క నిమిషము క్రితము చెప్పిన అధికారి యెదుట, ఆయన పీఠము ముందరనే అన్యాయము జరుగుచున్నది. ఇది ఆయన చేతిలో లేని సంగతి కాదు. వ్రేలు కదిపిన చాలు, భటులు జనమును చెదరగొట్టియుందురు. ఆ వ్రేలు కదలలేదు. ముఖములో అదే శాంతము, కూర్చుండుటలో అదే తీరు. చూచువానికి నిబ్బరముగానే కనబడును. లోపల మాత్రము అది నిర్లక్ష్యమై పోయినది.

ప్రియులారా, ఈ రెండును ముఖమున ఒక్కటిగా కనబడుటయే మనకు అపాయము. నిబ్బరము మనకు తగిలిన దెబ్బకు మందు. ఎదుటివానికి తగిలిన దెబ్బకు అదే మందు వేసినయెడల అది విషమగును. మన నష్టము మనము నవ్వుచు భరించుట భక్తి. పొరుగువాని నష్టమును మనము నవ్వుచు భరించుట కఠినత్వము. ఎపిక్తేతు వంటి మంచివాడు కూడ ఇక్కడ తడబడెను. ఏడ్చువానిని చూచినప్పుడు మాటలతో జాలిపడవచ్చును గాని, లోపల మూలుగకుండ జాగ్రత్తపడవలెనని ఆయన బోధ. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 12:15 తెరచి చూడుడి. సంతోషించువారితో సంతోషించి ఏడ్చువారితో ఏడ్వవలెనని అక్కడున్నది. నోటితో మాత్రమే అని లేదు. ఆ పత్రిక పౌలు కొరింథు నుండియే వ్రాసెనని పండితులు చెప్పుదురు. సొస్తెనేసు దెబ్బలు తిన్న పట్టణమది.

ఆ అన్నదమ్ముల కాలమునకు నూరేండ్ల పిమ్మట మార్కస్ ఔరేలియస్ అను స్తోయిక చక్రవర్తి వచ్చెను. 161 నుండి 180 వరకు రోమును ఏలెను. దండు విడిదిలో కూర్చుండి తన మనస్సును సరిచేసికొనుటకు తనకై తాను వ్రాసికొనిన మాటలు నేటికిని లోకమంతట చదువుచున్నారు. మంచి రాజు, మితముగా జీవించినవాడు. ఆయన యేలుబడిలోనే రోములో యుస్తీను శిరచ్ఛేదము పొందెను. 177లో గాలు దేశపు లియోను పట్టణములో విశ్వాసులను మృగములకు వేసిరి. చక్రవర్తి హృదయము శాంతముగానే యుండవచ్చును. ఆ శాంతమువలన లియోనులోని బానిసపిల్ల బ్లాందీనాకు కలిగిన మేలేమి?

మన చేతిలో లేదు అను మాట మన పల్లెలలో ఎన్ని చోట్ల వినబడుచున్నదో గమనించుడి. సార్వాలో చేలు మునుగును. వాన మన చేతిలో లేదందుము, నిజమే. మురుగు కాలువలో గుర్రపుడెక్కయు తూడును అల్లుకొని, పూడిక పేరుకొని, గట్టు ఆక్రమించుకొని యున్నప్పుడు, అది ఎవరి చేతిలో ఉన్నది? 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక విరామము ప్రకటించినప్పుడు దేశమంతయు మనవైపు చూచెను. గిట్టుబాటు కాని ధరతో పాటు, నీరు దిగని మురుగు కాలువలను గూర్చియు వారు మొరపెట్టిరి. ధర ఢిల్లీలో నిర్ణయింపబడును. మన చేని ప్రక్క బోదె మన పారతో శుభ్రమగును. పెద్దయైనవాడు ఈ రెంటిని ఒక్క మాటలో కట్టి గట్టున పడవేయరాదు.

1839లో కోరంగి ఉప్పెన చూచిన గోదావరి సీమవారు ఏటిని దేవుని చేతికే వదలివేసి ఊరకుండవచ్చును. ఆర్థరు కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు ముగించిరి. ఆయన యొద్ద వీణం వీరన్నగారును వేలాది కూలీలును పాటుపడిరి. వాన ఇచ్చుట దేవుని చేతిలో ఉన్నది, ఇచ్చిన నీటిని నిలుపుట మనుష్యుని చేతిలో ఉన్నదని వారికి తెలియును. మనము నేడు తినుచున్న అన్నము ఆ తెలివి ఫలమే.

మరియొక సంగతి. మన పేటలనుండి ఎందరో తల్లులు కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనికి పోవుచున్నారు. అక్కడ జీతము రాక, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కి, ఫోనులో ఏడ్చు బిడ్డ సంగతి ఇంటివారు పెద్దల యొద్దకు తెత్తురు. సముద్రము అవతలి సంగతి, మన చేతిలో లేదు, ప్రార్థన చేయుదము అందుము. ప్రార్థన చేయవలసినదే. దానితో పాటు అర్జీ వ్రాయుట, కాగితముల నకళ్లు సేకరించుట, కలెక్టరు కచేరికి ఆ ముసలి తండ్రి వెంట నడచుట మన చేతిలో లేవా? చదువు వచ్చినవాని కలము చదువు రానివానికి చేయి కదా. పిలాతు కూడ తన చేతిలో లేదనుకొనియే నీళ్లు తెప్పించి చేతులు కడిగికొనెను. నీళ్లు చేతుల మీద పడినవి గాని బాధ్యత పోలేదు.

2022 ఏప్రిల్ 4న మన కోనసీమ వేరు జిల్లా అయినది. దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు చేర్చు విషయమై ఆ యేడు మే 24న అమలాపురములో రేగిన అల్లరిలో ఒక మంత్రిగారి యిల్లును ఒక శాసనసభ్యుని యిల్లును కాలినవి, పోలీసులకు దెబ్బలు తగిలినవి. ఇప్పుడు జిల్లాకు ఆ పేరు నిలిచియున్నది. మంటలు ఆరినవి. ఒక వీధినుండి మరియొక వీధికి పోవు కాలిబాటలలో గడ్డి మొలిచినదా లేదా అని ప్రతి ఊరిలో పెద్దలు చూచుకొనవలెను. గుంపును ఆపుట ఒక్కని చేతిలో లేకపోవచ్చును. భయపడియున్న పొరుగువాని గుమ్మము తట్టి, అన్నా, మేమున్నామని చెప్పుట ఒక్కని చేతిలోనే ఉన్నది. కోపము లేనివారమని చెప్పుకొనుట చాలదు. సొస్తెనేసు దెబ్బలు తినునప్పుడు గల్లియోనుకును కోపము రాలేదు.

గల్లియోనుకు మారుగా ఒక తల్లిని మీ యెదుట నిలుపుచున్నాము. ఆమె మన మతమువారు కారు. లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు. 1909లో పరమపదించిరి. ఏరు దాటి ఆకలితో వచ్చినవాడు ఏ వేళ తలుపు తట్టినను అన్నము వండి పెట్టిరి. వరద ఆమె చేతిలో లేదు, కరువు ఆమె చేతిలో లేదు. పొయ్యి మాత్రము ఆమె చేతిలో ఉన్నది. దానిని ఆరనీయలేదు. పి. గన్నవరము వద్ద వైనతేయ మీద కాలువ నీరు మోయు అక్విడక్టుకును, 2024 నుండి మన రాష్ట్రపు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరు పెట్టిరి. దోపుడుగాండ్ర దెబ్బలు తిన్నవాని కథలో ప్రభువు యాజకుని, లేవీయుని తప్పించి సమరయుని ముందుకు తెచ్చెను. మనము ఆయన శిష్యులమైతే సీతమ్మగారి పేరు చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. ఆమెవలె చేయకపోవుటకు సిగ్గుపడవలెను.

తుదకు మన ప్రభువును చూతము. ఎపిక్తేతును గూర్చి ఒక కథ కలదు. యజమానుడు అతని కాలు మెలిపెట్టుచుండగా, అది విరిగిపోవును సుమా అని అతడు నెమ్మదిగా చెప్పెనట. విరిగిన పిమ్మట, విరుగునని నేను చెప్పలేదా అనెనట. క్రైస్తవులను ఎగతాళిచేసిన కెల్సు అనువాడు ఈ కథ చెప్పి, మీ యేసు శ్రమపడునప్పుడు ఇంత గొప్ప మాట ఏదైన పలికెనా అని అడిగెను. మూడవ శతాబ్దములో ఓరిజెను అను సంఘ పండితుడు దానికి జవాబు వ్రాసెను. కొరడా దెబ్బలు తగులునప్పుడు యేసు మౌనముగా ఉండెను, ఆ మౌనము ఎపిక్తేతు మాటకంటె గొప్పదని ఆయన జవాబు.

మంచి జవాబు. దానికి మేము ఒక్క మాట చేర్చుదుము. ప్రభువు తన శ్రమ విషయములో మౌనముగా ఉండెను గాని ఇతరుల శ్రమ విషయములో ఉండలేదు. సిలువ మోయుచు ఏడ్చుచున్న యెరూషలేము స్త్రీలవైపు తిరిగెను. మేకులతో వ్రేలాడుచు తన తల్లిని శిష్యునికి అప్పగించెను. ప్రక్కనున్న దొంగకు ఆశ్రయమిచ్చెను. తనను దూషించినవారిని మరల దూషించలేదు. ఊచచెయ్యిగలవాని యెడల జాలిలేని వారిని చూచినప్పుడు మాత్రము ఆయనకు కోపము వచ్చెనని మార్కు 3వ అధ్యాయము చెప్పుచున్నది. లాజరు సమాధి యొద్ద, తాను లేపబోవుచున్నానని తెలిసియు కన్నీరు విడిచెను. స్తోయికుడు గాయపడకుండుటకు హృదయమునకు తలుపు వేసికొనును. ప్రభువు తలుపు తెరచియుంచి, గాయపడి, నిలిచెను. అందుచేతనే 1996 తుపాను తరువాత భర్త శవమైనను దొరకని బెస్తవారి స్త్రీ యెదుట మనము స్తోయికుని మాట చెప్పజాలము. ప్రభువు కన్నీటిని చెప్పగలము, ఆయన పునరుత్థానమును చెప్పగలము.

పౌలు ఈ ప్రభువు బడిలో చదివినవాడు. 2 కొరింథీయులు 11లో తాను తిన్న దెబ్బలను లెక్కలు వ్రాయువానివలె వరుసగా చెప్పుకొనిపోవును. ఆ లెక్కలో కన్నీరు లేదు. సంఘములో ఎవడో ఒకడు తొట్రుపడెనను మాట రాగానే ఆయన మండిపోవును. మరియు ఒక అవయవమునకు నొప్పి కలిగినయెడల శరీరమంతటికి నొప్పియేనని ఆయన వ్రాసినది ఎవరికి? కొరింథు సంఘమునకే, 1 కొరింథీయులు 12:26లో. ఆ పత్రిక మొదటి వచనములో పౌలుతో కూడ పేరున్న సహోదరుడెవరు? సొస్తెనేసు. ఆ దెబ్బలు తిన్న సొస్తెనేసే ఇతడని పూర్వమునుండి అనేకులు తలంచిరి. అదే నిజమైనయెడల, న్యాయపీఠము పట్టించుకొనని మనిషిని సంఘము చేరదీసినదన్నమాట.

కనుక పెద్దరికము చేయు ప్రతివారును ఈ మూడు ప్రశ్నలను ఇంటి గోడమీద వ్రాసికొనుట మంచిది.

మొదటిది: ఈ దెబ్బ నాకు తగిలినదా, ఎదుటివానికి తగిలినదా? నాకైతే ఓర్చుకొందును. ఎదుటివానికైతే లేచి నిలుతును.

రెండవది: దీనిలో నా చేతిలో లేనిదెంత, ఉన్నదెంత? లేనిదానిని చూపి ఉన్నదానిని దాచరాదు.

మూడవది: చేయగలిగినది చేసిన తరువాత మిగిలినదానిని ఎవరి చేతిలో పెట్టుచున్నాను? స్తోయికుడు దానిని విధి అనెను. మనము తండ్రి అందుము. విధికి చెవులు లేవు. మన తండ్రికి చెవులును ఉన్నవి, గాయపడిన చేతులుగల కుమారుడును ఉన్నాడు. మన చేయి చాలని చోట ఆయన చేయి ఉన్నదని నమ్మినవాడు తన చేయి చాలినంతవరకు చాచుటకు భయపడడు.

ప్రార్థన చేయుదము.

పరలోకపు తండ్రీ, మా నష్టములలో మాకు నిబ్బరము దయచేయుము. మా పొరుగువారి నష్టములలో మమ్మును నిద్రపోనీయకుము. ఏటిని, గాలిని, అంగడి ధరను నీ చేతికి అప్పగించుచున్నాము. మా చేతికి నీవిచ్చిన పారను, కలమును, పొయ్యిని ఊరక ఉంచకుండ సహాయము చేయుము. మా పెద్దల కండ్లయెదుట ఎవడును దిక్కులేక దెబ్బలు తినకుండునట్లు వారికి కన్నులను, ధైర్యమును అనుగ్రహించుము. మా కొరకు మౌనముగా శ్రమపడి, మమ్మును చూచి కన్నీరు విడిచిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.